ఆజాద్ హింద్ సైనికుని గౌరవం

సింగపూరు సముద్రతీరాన, పడాంగ్ మైదానం చెంత, 1945 జులై 8వ తేదీన సుభాస్ చంద్ర బోస్ ఒక స్మారకానికి శంకుస్థాపన చేసినారు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరి పేరూ ఊరూ తెలియకుండా మరణించిన సైనికుల కొరకు ఉద్దేశించిన స్మారకమది. నిర్మాణ బాధ్యతను సిరిల్ జాన్ స్ట్రేసీ అనే సేనాధికారి వహించినారు. దానిపై మూడు మాటలు చెక్కించినారు: ఇత్తిఫాక్, ఇత్‌మాద్, కుర్బానీ. అనగా ఐకమత్యం, విశ్వాసం, బలిదానం. ఆగస్టు మధ్యలో జపాను లొంగిపోయినది. సెప్టెంబరు 5వ తేదీన బ్రిటిషు సేనలు సింగపూరులో దిగి, కొద్ది దినాలలోనే స్మారకాన్ని పేల్చివేసినవి. శంకుస్థాపన నాటి నుండి లెక్కించినా దాని ఆయుర్దాయం రెండు నెలలు.

యుద్ధంలో గెలిచినవారు ఓడినవారి కోటలను కూల్చుట సహజమే. కాని ఒక సమాధి వంటి కట్టడాన్ని, అందులో ఆయుధం గాని ధనం గాని లేనిదానిని, అంత తొందరపడి కూల్చవలసిన పని ఏమి? ఆ రాతిపై చెక్కినది మూడు మాటలే అయినా, అది మౌనంగా నాలుగవ మాట కూడా చెప్పుతూ ఉండినది. ఇక్కడ స్మరింపబడుతున్నవారు సైనికులు అన్నదే ఆ మాట. బ్రిటిషు ప్రభుత్వ దృష్టిలో వారు సైనికులు కారు. చక్రవర్తికి చేసిన ప్రమాణాన్ని తప్పిన ద్రోహులు. ద్రోహికి శిక్షయే గాని స్మారకం ఉండదు. నాడు మందుపాతరతో తేల్చివేసిన ఆ ప్రశ్న తరువాత అర్ధశతాబ్దానికి పైగా సైనిక న్యాయస్థానం మొదలు సుప్రీంకోర్టు వరకు ఏదో ఒక రూపంలో వచ్చుచునే ఉండినది.

ప్రశ్నలోని చిక్కు తెలియవలెనంటే మణిపురాన్ని తలచుకొనవలెను. 1944 ఏప్రిల్ 6వ తేదీన ఇంఫాలుకు ఉత్తరాన ఒక కొండపై 9వ జాట్ రెజిమెంటుకు చెందిన జమేదారు అబ్దుల్ హఫీజ్ శత్రుస్థావరంపైకి ఎక్కి పోరాడి మరణించినారు. ఆయనకు మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించినది. ఎనిమిది దినాల తరువాత, ఏప్రిల్ 14వ తేదీన, అదే ఇంఫాలు లోయ దక్షిణ భాగంలో ఉన్న మొయిరాంగ్‌లో ఆజాద్ హింద్ ఫౌజుకు చెందిన కర్నల్ షౌకత్ అలీ మలిక్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేసినారు. ఆయనకు ఆజాద్ హింద్ ప్రభుత్వం సర్దారె జంగ్ అనే పతకాన్ని ఇచ్చినది. ఒకే లోయ, ఒకే మాసం, ఇరువురూ భారతీయులే. ఒక పతకం వెనుక మూడు శతాబ్దాల సామ్రాజ్యం ఉన్నది. రెండవదాని వెనుక ఆరు నెలల వయస్సు కూడ నిండని ప్రభుత్వం ఉన్నది. కోహిమా యుద్ధశ్మశానంలో బ్రిటిషు పక్షాన మరణించిన 1,420 మంది సమాధులు, దహనసంస్కారం పొందిన 917 మంది హిందూ, సిక్ఖు సైనికుల స్మారకం నేటికీ చక్కని పచ్చికబయళ్ళ నడుమ ఉన్నవి. ఎదుటి పక్షంలో పోరాడి ఆకలితో, మలేరియాతో బర్మా అడవులలో రాలిపోయినవారికి అటువంటి లెక్క లేదు.

1945 నవంబరు 5వ తేదీన ఢిల్లీ ఎర్రకోటలో ప్రారంభమైన విచారణ ఈ ప్రశ్నను మొదటిసారి చట్టపు భాషలోనికి తెచ్చినది. ముద్దాయిలు ముగ్గురు: షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సహగల్, గుర్‌బక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముసల్మాను, ఒక హిందువు, ఒక సిక్ఖు. ప్రభుత్వం ఏ ఆలోచనతో ఈ ముగ్గురినీ కలిపినదో గాని, దేశం మొత్తాన్ని ఒకే బోనులో నిలబెట్టినట్లయినది. మేజర్ జనరల్ బ్లాక్స్‌లాండ్ అధ్యక్షతన కూర్చున్న ఏడుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు భారతీయులు. శిక్షాస్మృతి 121వ విభాగం క్రింద చక్రవర్తిపై యుద్ధం చేయుట ప్రధానమైన నేరారోపణ. పారిపోయిన సైనికులను కాల్పించినారన్న హత్యారోపణలు వేరు. ముద్దాయిల పక్షాన తేజ్ బహాదూర్ సప్రూ, కైలాస్ నాథ్ కాట్జూ, ఆసఫ్ అలీ వంటివారు నిలిచినారు. ఏనాడో విడిచిపెట్టిన న్యాయవాది గౌనును జవాహర్‌లాల్ నెహ్రూ తిరిగి తొడుగుకొన్నారు. కాని వాదభారమంతా వహించినవారు భూలాభాయ్ దేశాయ్.

ఆరోగ్యం సరిగా లేని ఆ వృద్ధ న్యాయవాది ఎన్నుకొన్న మార్గం సాహసమైనది. దయ చూపమని గాని, బలవంతం వలన చేసినారని గాని ఆయన అడుగలేదు. యుద్ధం జరిగినమాట నిజమేనని ఒప్పుకొని, అది ఎటువంటి యుద్ధమన్న చోట నిలబడినారు. ఆజాద్ హింద్ ప్రభుత్వానికి సైన్యమున్నది, కోశాగారమున్నది, దానిని గుర్తించిన రాజ్యాలున్నవి, అది విధివిహితంగా యుద్ధప్రకటన చేసినది. కనుక ఆ సైన్యంలోనివారు అంతర్జాతీయ న్యాయం ప్రకారం యోధులు. యుద్ధంలో యోధుడు చేసిన పనిని సాధారణ శిక్షాస్మృతితో కొలువరాదు. పరాధీనమైన జాతికి స్వాతంత్ర్యం కొరకు యుద్ధం చేసే హక్కు లేదనుట ఆ జాతి ఎల్లకాలం దాస్యంలో ఉండవలెననుటయే. రాజు వేరు, దేశం వేరు అయినచోట ప్రమాణం దేనికి చెల్లవలెను? ఈ ప్రశ్న వేసినవారు అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని కూడ న్యాయమూర్తుల జ్ఞాపకానికి తెచ్చినారు. అడ్వొకేట్ జనరల్ ఇంజనీర్ ప్రత్యుత్తరం క్లుప్తమైనది. ప్రజ తన ఇచ్ఛ వచ్చినట్లు రాజభక్తిని వదలుకొనజాలదు. చట్టపుస్తకం ఆయన పక్షాననే ఉన్నదని అంగీకరింపవలసినదే.

డిసెంబరు 31వ తేదీన విచారణ ముగిసినది. యుద్ధం చేసిన నేరం ముగ్గురిపైనా రుజువైనది. హత్యకు తోడ్పడిన నేరం షా నవాజ్ ఖాన్‌పై మాత్రమే నిలిచినది. 121వ విభాగంలో మరణమో యావజ్జీవ ప్రవాసమో తప్ప మూడవ శిక్ష లేదు గనుక యావజ్జీవ ప్రవాసం విధించి, దానికి సైన్యం నుండి బహిష్కారం, జీతభత్యాల బకాయిల జప్తు చేర్చినారు. దేశమంతటా చెలరేగిన ఆందోళనను చూచిన సర్వసేనాని ఆఖిన్‌లెక్ 1946 జనవరి 3వ తేదీన ప్రవాసశిక్షను రద్దుచేసినారు. ముగ్గురూ బయటికి వచ్చినారు. ఊరూరా పూలమాలలు, జయధ్వానాలు. ఆ సందడిలో చాలమంది గమనింపని విషయం ఒకటున్నది. బహిష్కారమూ, బకాయిల జప్తూ రద్దు కాలేదు. ఆఖిన్‌లెక్ వారికి స్వేచ్ఛను ఇచ్చి, సైనికులన్న పేరును తనవద్దనే ఉంచుకొన్నారు. రాజకీయంగా ఓడిపోయిన మనిషి చట్టపరంగా ఒక్క అంగుళం కూడ వెనుకకు తగ్గలేదనవలెను. భూలాభాయ్ దేశాయ్ ఆ సంవత్సరం మే నెలలోనే కన్నుమూసినారు.

స్వతంత్రప్రభుత్వం ఆ పేరును వారికి తిరిగి ఇచ్చునని అందరూ అనుకొన్నారు. ఇవ్వలేదు. ఫౌజువారిని సైన్యంలోనికి తిరిగి తీసుకొనరాదని 1948లో నెహ్రూ ప్రభుత్వం నిశ్చయించినది. ఇతర కొలువులకు అడ్డు చెప్పలేదు. షా నవాజ్ ఖాన్ 1952లో లోక్‌సభకు ఎన్నికైనారు కూడ. ఎర్రకోటలో గౌను తొడుగుకొన్న చేతులే ఆ ఉత్తరువు ఇచ్చినవని ఎత్తిపొడుచుట సులభమే. కాని స్వతంత్ర భారతం వారసత్వంగా పొందిన సైన్యం ఇంఫాలులోను కోహిమాలోను ఫౌజుకు ఎదురుగా పోరాడిన సైన్యమే. దాని రెజిమెంట్ల ధ్వజాలపై ఆ విజయాల పేర్లు ఉన్నవి. కాశ్మీరంలో యుద్ధం సాగుతున్న వేళ ఆ సైన్యంలో మనస్పర్ధలు రేపుటకు ఏ ప్రభుత్వం సాహసించును? నిర్ణయం కఠినమైనది, అకారణమైనది మాత్రం కాదు. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను నిషేధించి సైనిక గౌరవాలను మినహాయించినది. ఆ మినహాయింపు నీడన 1950 జనవరి 26వ తేదీన పరమవీరచక్ర మొదలైనవి వెలసినవి. సర్దారె జంగ్, వీరె హింద్ వంటి ఆజాద్ హింద్ పతకాలకు ఆ వరుసలో చోటు దొరకలేదు. అవి ఇళ్ళలోని పెట్టెలలో ఉండిపోయినవి.

1972 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంలో, కేంద్రప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఏర్పాటు చేసినది. 1980లో ఆదాయపరిమితిని తొలగించి, పేరులోనే సమ్మాన శబ్దాన్ని చేర్చినది. ఆజాద్ హింద్ ఫౌజువారు కూడ అర్హులలో చేరినారు. సైనికుడన్న పేరు వేరొక ద్వారం నుండి తిరిగివచ్చినట్లే. అయితే ఆ ద్వారం వద్ద ఒక గుమాస్తా కూర్చున్నాడు. ఆరునెలల కారాగారవాసానికి రుజువు చూపుమన్నాడు.

రుజువు ఎక్కడిది? ఓటమి సమీపించినప్పుడు ఫౌజువారు తమ కాగితాలను తామే చాలవరకు తగులబెట్టినారు. అవి శత్రువు చేజిక్కితే మనుష్యుల ప్రాణాలకు ముప్పు వచ్చును. బ్రిటిషు సైన్యం నుండి వచ్చిన యుద్ధఖైదీకి కనీసం పాత రెజిమెంటు దస్తరంలో పేరుండును. మలయా రబ్బరు తోటలలో కూలి చేస్తూ, బర్మా రేవులలో మూటలు మోస్తూ ఫౌజులో చేరినవారి సంగతి ఏమి? వారిలో తమిళులు అధికం, తెలుగువారూ ఉన్నారు. వారికి ఏ దస్తరమూ లేదు. ఇక్కడ ఒక చిత్రం జరిగినది. యుద్ధానంతరం బ్రిటిషు గూఢచారిశాఖ ఫౌజువారిని ప్రశ్నించి తెల్లవారు, బూడిదరంగువారు, నల్లవారు అని మూడు తరగతులుగా విభజించినది. మనసు మారనివాడు నల్లవాడు. అతడే ఎక్కువ కాలం నిర్బంధంలో ఉన్నాడు. ముప్పది సంవత్సరాలు గడచిన పిమ్మట, శత్రువు తనకు వేసిన ఆ నల్లముద్రయే స్వదేశప్రభుత్వం ముందు అతనికి యోగ్యతాపత్రమైనది. శత్రువు అశ్రద్ధ వలన కాగితం పోయినచోట తోటిఖైదీ ఇచ్చే ధ్రువపత్రమే శరణ్యం. తోటిఖైదీలు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఈ దశలో న్యాయస్థానాలు పట్టిన దారి శ్లాఘింపదగినది. 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తెలుగునేలకు కూడ సంబంధించినది. అందులోని అర్జీదారులు ఫౌజువారు కారు. 1938-39లో నైజాం రాజ్యంలో జరిగిన ఆర్యసమాజ సత్యాగ్రహంలో పాల్గొని జైళ్ళకు వెళ్ళినవారు. కాని పింఛను పథకం ఒకటే గనుక తీర్పు అందరికీ వర్తించినది. అర్జీ ఆలస్యంగా వచ్చినదన్న కారణంతో త్రోసివేయరాదనీ, రుజువు పత్రాలు ఎప్పుడు అందినా అర్జీ అందిన తేదీ నుండియే పింఛను చెల్లించవలెననీ న్యాయమూర్తులు ఆదేశించినారు. ఈ పథకం త్యాగానికి వెల కట్టుట కొరకు కాదనీ, గౌరవించుట కొరకనీ వారు చెప్పిన మాట ఆదేశం కంటె విలువైనది. జీతపు బకాయిలను జప్తు చేసిన 1946 నాటి ఉత్తరువుకు ఇంతకంటె సరియైన జవాబు మరొకటి లేదేమో! 2001లో అదే న్యాయస్థానం మరొక మెట్టు ముందుకు వెళ్ళి, ఇటువంటి అర్జీలలో నేరవిచారణకు కావలసినంత కఠినమైన రుజువు అడుగరాదనీ, సంభావ్యతను చూచి నిర్ణయింపవలెననీ తెలిపినది.

ఔదార్యానికి అటుప్రక్క కూడ ఉన్నది. పూర్వం హైదరాబాదు రాజ్యంలో భాగమైన మరాఠ్వాడాలోని బీడ్ జిల్లాలో దొంగపత్రాలతో యోధులైనవారి సంగతి బయటపడి 2005లో సుప్రీంకోర్టు వరకు వచ్చినది. మోసంతో పొందినది ఏదీ నిలువదని న్యాయస్థానం తీర్పు చెప్పినది. గుమాస్తా అడిగిన కాగితం వెనుక వట్టి కాఠిన్యం మాత్రమే లేదని ఆ ఉదంతం చూపినది. అయితే దొంగ చేతిలో పత్రాలు ఎప్పుడూ సక్రమంగానే ఉండును. నిజమైనవాడే తడుముకొనును.

సైనికుల సంగతి ఇట్లుండగా, సేనానికి చేయబోయిన గౌరవం కూడ వ్యాజ్యంలో చిక్కుకొన్నది. 1992 జనవరిలో సుభాస్ చంద్ర బోస్‌కు మరణానంతరం భారతరత్న ప్రదానం చేయుచున్నట్లు రాష్ట్రపతి భవన ప్రకటన వెలువడినది. ప్రకటనలో అందరికీ సమ్మతమైన మాటలే ఉన్నవి, ‘మరణానంతరం’ అన్న ఒక్కటి తప్ప. 1945 ఆగస్టులో విమానప్రమాదంలో ఆయన మరణించినారని 1956లో షా నవాజ్ ఖాన్ సంఘం, 1974లో ఖోస్లా విచారణసంఘం నిర్ణయించినవి. అయినా నమ్మనివారు లక్షలమంది. మరణమే తేలనిచోట మరణానంతర మేమిటని కలకత్తా హైకోర్టులో అర్జీ పడినది. కుటుంబంవారు బిరుదు స్వీకరించుటకు ఇష్టపడలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టు చేరినది. ప్రకటన గెజెట్టులో ప్రచురితం కాలేదు, పట్టికలో పేరు చేరలేదు, కనుక బిరుదు ఇచ్చినట్లే కాదు, ప్రకటన రద్దయినట్లు భావింపవలెనని 1997 ఆగస్టులో న్యాయస్థానం వ్యవహారాన్ని ముగించినది. మరణం సంగతిని అది ముట్టుకొనలేదు. ఆ మౌనంలో వివేకమే ఉన్నది. చరిత్రకారులకే తెగని ముడిని న్యాయమూర్తులు గెజెట్టు ఆధారంతో విప్పబోవుట తగదు.

రాళ్ళ సంగతి మిగిలినది. సింగపూరులో స్మారకం కూలినచోట 1995లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒక గుర్తుఫలకం నిలిపినది. ఆ స్మారకానికి ప్రతిరూపం మొయిరాంగ్‌లో, మలిక్ పతాకమెత్తిన ఊరిలో, ఉన్నది. ఢిల్లీలో ఇండియా గేటు వెనుక ఐదవ జార్జి విగ్రహం 1968 వరకు నిలిచిన మండపం అర్ధశతాబ్దం ఖాళీగా ఉండి, 2022 సెప్టెంబరు 8వ తేదీన సుభాసుని విగ్రహంతో నిండినది. 28 అడుగుల ఆ విగ్రహం కొరకు 280 టన్నుల నల్లరాతి బండను ఖమ్మం నుండి 1,665 కిలోమీటర్లు తరలించినారు. దానికి ఎదురుగా ఇండియా గేటు గోడలపై ఉన్నవి బ్రిటిషు చక్రవర్తి సైన్యంలో పోరాడి మరణించినవారి పేర్లు.