రోడ్డు మరమ్మతుల సంచిత పర్యావరణ ప్రభావం – సున్నిపెంట ఘాట్ దారి

ఒక దారిలో చేయబోయే మరమ్మతుల ప్రభావాన్ని విడివిడిగా కాక, అక్కడ ఇదివరకు జరిగిన, ఇకముందు జరగబోయే పనులతో కలిపి లెక్కగట్టడమే సంచిత ప్రభావ మదింపు. అమెరికా పర్యావరణ నిబంధనలు 1978లో ఈ భావనను నిర్వచించాయి. మనవైపు దీని అవసరం తెలియాలంటే నంద్యాల జిల్లా సున్నిపెంట మీదుగా వెళ్లే 765వ జాతీయ రహదారిని చూడాలి.

శ్రీశైలం ప్రాజెక్టు సిబ్బంది నివాసాలతో ఎదిగిన ఊరు సున్నిపెంట. చుట్టూ నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, కృష్ణకు ఆవల అమ్రాబాద్ అడవి. హైదరాబాద్ నుంచి దోర్నాల వెళ్లే ఈ దారి రెండింటినీ చీల్చుకుంటూ సాగుతుంది.

గుంతలు పూడ్చడం, రోడ్డు అంచు బెర్ములకు మట్టి పోయడం, కంప కొట్టడం, కల్వర్టుల పూడిక తీయడం: ఏ పనీ విడిగా చూస్తే పెద్దది కాదు. మలుపులో కంప కొడితే ఎదురొచ్చే బండి కనబడుతుంది. అది ప్రాణాలు కాపాడే పనే, కాదనలేం. కానీ జింకకు చాటు పోతుంది. ఎండ తగిలిన నేలలో వయ్యారిభామ కలుపు మొలుస్తుంది. బయటి నుంచి తెచ్చిన బెర్ము మట్టిలో దాని విత్తనాలూ ఉండవచ్చు. కల్వర్టులోంచి తీసిన పూడికను పక్కనే కుప్పపోస్తే తొలివానకే వాగులో కలుస్తుంది. రోడ్డు నునుపైతే బండ్ల వేగం పెరుగుతుంది. పొద్దుగూకాక తారు వెచ్చదనానికి రోడ్డెక్కే పాములు చక్రాల కింద పడతాయి. ఇవన్నీ ఏటేటా ఒకే వాగు మీద, ఒకే జంతువుల దారి మీద పడుతుంటాయి.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కొత్త రహదారులను, భారీ విస్తరణలను పట్టించుకుంటుంది. మామూలు మరమ్మతులు దాని పరిధిలోకి రావు. అసలు లోపం ఇక్కడే ఉంది.

మదింపునకు హద్దు టెండరులోని కిలోమీటర్లు కాకూడదు. వాగు పరీవాహకం, జంతువులు దాటే చోట్లు కావాలి. ఎన్నేళ్ల పనులను కలపాలో ముందే తేల్చుకోవాలి. శ్రీశైలానికి వెళ్లే భక్తుల శివరాత్రి రద్దీ, వేసవి నీటి ఎద్దడి కూడా లెక్కలోకి రావాలి. అడవి దారులు తెలిసిన చెంచులను అడగకుండా వేసిన లెక్క సగం లెక్కే.

ఈ ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలపై ఆంక్షలున్నాయి. మరమ్మతు యంత్రాలకూ, కూలీల క్యాంపు దీపాలకూ అదే నియమం వర్తింపజేయాలి. ఏడాది పనులన్నిటినీ టెండరుకు ముందే ఒక్కటిగా మదింపు చేయాలి.