తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఔత్సాహిక యాత్రా, ప్రకృతి ఫొటోగ్రఫీ

బతుకుదెరువుకు కాక ఇష్టం కొద్దీ కెమెరా పట్టినవాళ్లు కొండలు, కోనలు, పక్షులు, జాతరలు తీసి తోటివాళ్ల ముందు పెట్టడం, వాళ్లచేత బాగోగులు చెప్పించుకోవడం దక్షిణ రాయలసీమకు మద్రాసు, బెంగళూరుల నుంచి అబ్బిన అలవాటు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు పాలనలోనే ఉంది. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు దాటితే ఇక బెంగళూరు దారే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి ఇటు వచ్చింది. దాంతో పులికాట్ సరస్సులోని ఆంధ్ర భాగం, నేలపట్టు పక్షుల కేంద్రం కూడా ఈ కథలోకి చేరాయి.

మద్రాసులో మొదలు

1854 చివర్లో లినియస్ ట్రైప్ అనే పటాలం అధికారి సెలవు పెట్టి మైసూరు సీమలో తిరిగాడు. బేలూరు, హళేబీడు గుళ్లను ఫొటోలు తీశాడు. 1855 ఫిబ్రవరిలో మద్రాసులో జరిగిన పెద్ద ప్రదర్శనలో వాటిలో 68 పెట్టాడు. కాగితం మీద తీసిన దృశ్యాల్లో ఇదే ఉత్తమమైన వరుస అని న్యాయనిర్ణేతలు తేల్చారు. మద్రాసు సర్కారు ఫొటోగ్రాఫరు ఉద్యోగం ఆయనకు దక్కింది ఆ తర్వాతే. అంటే దక్షిణాదిలో యాత్రా చిత్రాన్ని నలుగురి ముందు పెట్టి తీర్పు కోరిన తొలివాళ్లలో ఒకడు సెలవు మీదున్న ఔత్సాహికుడు. అదే దశకంలో మద్రాసు ఆర్ట్స్ స్కూలు స్థాపకుడు అలెగ్జాండర్ హంటర్ చొరవతో అక్కడ ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది.

ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఇటువైపు ఫొటో అంటే స్టూడియోదే. 1950లో అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, 1953లో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ ఏర్పడ్డాక ‘సలాన్’ పోటీలు ఊపందుకున్నాయి. బెంగళూరులో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1971లో మొదలైంది. సలాన్‌లో తీసినవాడి పేరు చెప్పరు. బొమ్మ కొద్ది క్షణాలు తెర మీద నిలుస్తుంది, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు, అయిపోతుంది. ఎందుకు తిరగ్గొట్టారో ఎవరూ చెప్పరు. ఆ కారణం దొరికేది క్లబ్బు సమావేశంలో: హొరైజన్ వంగింది, తెలుపు ఓవర్ అయింది, పక్షి ముక్కు ముందు ఖాళీ చాల్లేదు. పతకాలకు ఉన్నంత పేరు ఈ చర్చలకు లేకపోవచ్చు గానీ, చేయి తిరిగేది వీటితోనే.

ఫిల్ము రోజుల్లో ఖర్చే సగం విమర్శ. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీలో 120 రోలు వేస్తే వచ్చేవి పన్నెండే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము వచ్చాక కొంత వెసులుబాటు దొరికినా, నొక్కేముందు పెద్దలను అడగడమే తప్ప నొక్కాక చూసుకుందామన్న ధీమా ఉండేది కాదు.

గుడి బయట

తిరుమల ఆలయం లోపలికి కెమెరా గానీ ఫోను గానీ పోదు. ఇంత ప్రసిద్ధ క్షేత్రంలో అసలు దర్శనమే ఫొటోకు అందకపోవడంతో ఔత్సాహికుడి చూపు చుట్టుపక్కలకు మళ్లిందని చెప్పవచ్చు. శిలాతోరణం, తలకోన జలపాతం, చంద్రగిరి రాజమహల్ అలా నిత్యం కెమెరాకెక్కేవే. అడవి లోపలి తీర్థాలకు మాత్రం తిథి చూసుకోవాలి. రామకృష్ణ తీర్థ ముక్కోటి పుష్య పౌర్ణమికి, కుమారధారది మాఘ పౌర్ణమికి, తుంబురు తీర్థానిది ఫాల్గుణ పౌర్ణమికి. ఎర్రచందనం దొంగల బెడదతో శేషాచలంలో రాకపోకల మీద ఆంక్షలు బిగిశాయి కనుక మిగతా రోజుల్లో అటు పోవడం అంత తేలిక కాదు.

తిరుపతి గంగ జాతర మరో గని. మే నెలలో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు వీధుల్లోకి వస్తాయి. సలాన్ల యాత్రా విభాగం నియమం ఇక్కడ గట్టిగా తగులుతుంది. మనుషులను పేర్చి తీయకూడదు. ముఖాన్ని దగ్గరగా తీస్తే అది ఏ చోటో తెలిపే గుర్తు ఫ్రేములో ఉండాలి. గంధం, బొగ్గు పూసుకున్న ముఖం ఎంత అందంగా వచ్చినా వెనకాల వీధి మసకబారిపోతే అది మంచి పోర్ట్రెయిట్ అవుతుందే గానీ యాత్రా చిత్రం కాదు. కొత్తవాళ్లకు ఇది మింగుడుపడదు.

పక్షులు, బల్లులు, నియమాలు

ప్రకృతి వైపు దారి చూపినవాటిలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ముఖ్యం. అది 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా గుర్తింపు పొందింది. అక్కడి పక్షుల మీద ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్‌ల పుస్తకం 1993లో వచ్చింది. శ్రీధర్ ఫొటోగ్రాఫరు కూడా. ఇక్కడ ఫొటో అందం కోసమే కాదు, ఆనవాలు కోసం కూడా. రాతి గుట్టల్లో తిరిగే పసుపు గొంతు పిగిలిపిట్టను గొంతు రంగు కనిపించకుండా తీస్తే ఆ బొమ్మతో పనేమిటి?

బంగారు బల్లిది ఇంకో రకం కథ. 1870లో ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ వర్ణించిన ఈ జీవి చాలా కాలం ఎవరి కంటా పడలేదు. 1980ల్లో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. రాళ్ల సందుల్లో దాక్కుని చీకటి పడ్డాక తిరుగుతుంది కాబట్టి ఫ్లాష్ తప్పదు. ఇలాంటి జీవి ఫొటో చూపేటప్పుడు ఏ రాతి కింద దొరికిందో చెప్పకపోవడమే మర్యాద.

నేలపట్టు 1976లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం 458 హెక్టార్లు. గూడబాతులు అక్కడ నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగతో సూళ్లూరుపేటకు కెమెరాల తాకిడి పెరిగింది. శ్రీహరికోట రోడ్డు పులికాట్ మధ్యగా పోతుంది గనుక కారు దిగకుండానే రాజహంసలు కనిపిస్తాయి. ఆ రోడ్డు పక్క కరెంటు తీగ ఫ్రేములో పడితే? ఫియాప్, అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ, బ్రిటన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 2014లో ప్రకృతి ఫొటోకు ఒప్పుకున్న ఉమ్మడి నిర్వచనం ప్రకారం దాన్ని కంప్యూటర్లో చెరిపేయకూడదు. కావాలంటే అంచు కత్తిరించుకోవచ్చు. కథకు అవసరమైతే తప్ప మనిషి ఆనవాళ్లు అసలు ఉండకూడదు. పక్షి కాలికి శాస్త్రవేత్తలు తొడిగిన కడియం ఉంటే అభ్యంతరం లేదు.

డిజిటల్ కెమెరాలు వచ్చి ఫోకస్, ఎక్స్‌పోజర్ సులువయ్యాక విమర్శ కూడా మారింది. ‘ఎలా తీశావు’ అన్న ప్రశ్నకు ఇప్పుడు రెండర్థాలు. గుంపంతా రెక్కలు విప్పి లేచిన రాజహంసల ఫొటో పెడితే, కాంతి సంగతి తర్వాత, అవి ఎందుకు లేచాయని అడిగేవాళ్లున్నారు. గూటికి మరీ దగ్గరగా వెళ్లినట్టు కనిపిస్తే మెచ్చుకోలు ఆగిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి ఉండాలి. కాస్త పద్ధతి తెలిసిన ఔత్సాహికులకు ఇదంతా కంఠతా వచ్చు. 1980ల నుంచి ఏనుగులు తిరుగుతున్న కౌండిన్య అడవి అంచున, పలమనేరు, కుప్పం వైపు, ఫోనెత్తి ఏనుగు దగ్గరికి పోయేవాళ్లు మాత్రం ఏ క్లబ్బులోనూ ఉండరు. వాళ్లకు ఈ మాట చెప్పే పని అటవీ సిబ్బంది మీద పడింది.