కదలని ఇంజను: ఫెర్గూసను ట్రాక్టరు కథలో ఒక ప్రకరణము

పనిచేసి చేసి అరిగిపోయిన యంత్రములకంటె పనిలేక పాడైన యంత్రములే ఎక్కువ యేమోయని, ఇంగ్లండు గ్రామసీమలలోని పాత ట్రాక్టరుల వృత్తాంతములు చదువునప్పుడెల్ల నాకు తోచుచుండును. ఏ పొలముగట్టుననో, ముళ్ళపొదల మాటుననో, కప్పు కూలిన పశువుల కొట్టములోనో ఏండ్ల తరబడి పడియున్న బూడిదవన్నె ఫెర్గూసను ట్రాక్టరును వెలికి తీసి, టైరులలో గాలి నింపి, పైనున్న ఆకులలమును ఊడ్చివేసి, ముందుభాగమున హ్యాండిలు దూర్చి త్రిప్పబోయిన రైతుకు అది వెంట్రుకవాసియైనను కదలదు. ట్రాక్టరు చరిత్ర వ్రాసినవారు దాని అశ్వశక్తిని గూర్చియు, అది లాగిన నాగళ్ళను గూర్చియు విస్తారముగ వ్రాసిరి గాని, అది నిలిచిపోయిన తరువాతి కథను అంతగా పట్టించుకొనలేదు. ఆ కథలో మెకానిక్కు చేతిచలువ కొంత యున్నమాట నిజమే. కాని అతని చేతికి ఎంత సాధ్యమో, ఎంత అసాధ్యమో, ఆ ఇంజనును కల్పించినవారు అతడు పుట్టకమునుపే నిర్ణయించి పెట్టిరని నా యభిప్రాయము.

ఇంజను బిగిసి పట్టుకొనిపోవుట రెండు విధములు. మొదటిది పనిలో కలుగునది. ఆయిలు అడుగంటినను, రేడియేటరులో నీరింకినను, పిస్టను వేడెక్కి వ్యాకోచించి, సిలిండరు గోడకును తనకును ఉండవలసిన సందును పూడ్చివేసి, తన మెత్తని లోహమును ఆ గోడకు పులిమి, ఒక్క మూలుగుతో ఆగిపోవును. రెండవది విశ్రాంతిలో కలుగునది. నిలువుగ లేచిన పొగగొట్టము ఆకాశమువంక తెరచియుండుటయు, దానిపై ఒక ఖాళీ డబ్బానైనను ఎవరును బోర్లించకపోవుటయు దీనికి సామాన్యకారణము. నాలుగు సిలిండరుల ఇంజను ఏ స్థితిలో ఆగినను, సాధారణముగ ఏదో యొక సిలిండరుయొక్క ఎగ్జాస్టు వాల్వు తెరచియుండును. మరియొకదాని ఇన్‌లెట్ వాల్వు తెరచియుండును. వాననీరు మొదటి ద్వారమునను, తేమగాలి రెండవ ద్వారమునను లోనికి ప్రవేశించును. తక్కిన సిలిండరులు మూతపడి పొడిగ నుండగా, ఈ ఒకటి రెండిటియందే రింగులకును గోడకును నడుమ తుప్పు పెరుగును. ఇనుము తుప్పుగ మారినప్పుడు మునుపటికంటె ఎంతో ఎక్కువ చోటు ఆక్రమించుకొనును గనుక, వానకు తడిసి ఉబ్బిన తలుపు ద్వారబంధములో బిగిసినట్లు, అంగుళములో వేయవవంతులతో కొలువదగిన ఆ సందులో రింగు బిగిసిపోవును. ఒక్క పిస్టను పట్టుకొన్నచో తక్కిన మూడును, క్రాంకును, ఫ్లైవీలును దానితోకూడ నిలిచిపోవలసినదే.

తొలితరము ట్రాక్టరులను మొదటివిధమైన ఆపదయే ఎక్కువగ వేధించెను. గుఱ్ఱములును మగవారును యుద్ధభూమికి తరలిపోయి, ఆహారమునకు కటకట ఏర్పడిన బ్రిటనుకు, 1917లో హెన్రీ ఫోర్డు చేయనారంభించిన ఫోర్డ్‌సను ట్రాక్టరులు వేలసంఖ్యలో ఓడలెక్కి వచ్చినవి. అవి పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలుతో నడచునట్టివి. మండక మిగిలిన కిరసనాయిలు రింగుల ప్రక్కలనుండి దిగజారి, క్రింది ఆయిలులో కలిసి దానిని పలుచన చేయును. పలుచబడిన ఆయిలు, తెల్లలోహమును కరిగించి పోసిన ఆనాటి బేరింగులను కాపాడలేదు. ఇంజను చల్లగ నుండగనే పెట్రోలును కట్టివేసి చౌకనూనెకు మార్చు పొదుపరి రైతు, మిగిల్చిన పెన్నీలకు బదులుగ పౌనులు చెల్లించుకొనుచుండెను. యంత్రశాస్త్రము లోభమునకు లోబడదు గదా!

ఫెర్గూసను కథ వేరు. హారీ ఫెర్గూసను 1884లో ఐర్లండులోని కౌంటీ డౌనునందు ఒక రైతు ఇంట జన్మించెను; 1909 సంవత్సరపు కడపటి దినమున తాను కట్టిన విమానమును తానే ఎగురవేసెను; ఆ పిమ్మట జీవితములో చాలభాగము నాగలిని ట్రాక్టరుకు ఎట్లు తగిలింపవలెనను ప్రశ్నకు ధారపోసెను. మూడు చోట్ల పట్టి, ఆయిలు పంపు బలముతో ఎత్తి దించు ఆ అమరిక నేడు మన పొలములలోని ఇంచుమించు ప్రతి ట్రాక్టరు వెనుకను కనబడును. 1936లో హడర్స్‌ఫీల్డునందు డేవిడ్ బ్రౌన్ సంస్థతో కలిసి ట్రాక్టరుల ఉత్పత్తి నారంభించెను. 1938లో హెన్రీ ఫోర్డుతో, కాగితముమీద ఒక్క అక్షరమైన లేకుండ, కరచాలనముతోనే ఒప్పందము చేసికొనెను. అట్టి ఒప్పందము ఫోర్డు మనుమని కాలమున చెడిపోవుటలో వింత యేమున్నది? వ్యాజ్యము సాగి సాగి 1952లో 92.5 లక్షల డాలర్ల పరిష్కారముతో ముగిసినది. ఆ లోపల ఫెర్గూసను ఊరకుండలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానపు ఇంజనులు చేసిన కోవెంట్రీ నగరపు బ్యానర్ లేన్ కర్మాగారములో, స్టాండర్డ్ మోటారు కంపెనీ చేత 1946నుండి తన ట్రాక్టరును చేయింపసాగెను. టి.ఇ.20 అను పేరుగల ఆ చిన్న ట్రాక్టరు ముప్పది అశ్వశక్తికి లోపలిదే; అయినను 1956 వరకు అయిదు లక్షలకు మించి వెలువడినది. 1958 జనవరి 4వ తేదీన ఎడ్మండ్ హిల్లరీ దక్షిణధ్రువమునకు చేరినది ఈ ట్రాక్టరులతోనే.

మొదటి టి.ఇ.20లకు అమెరికానుండి తెప్పించిన కాంటినెంటల్ ఇంజను అమర్చిరి; కొలది కాలమునకే స్టాండర్డువారు సొంత ఇంజనును సిద్ధము చేసిరి. మన ప్రకరణమునకు ఆయువుపట్టు ఈ ఇంజనే. దీనిలో ఇనుపదిమ్మెకే రంధ్రములు తొలిచి సిలిండరులు చేయక, నాలుగు విడి లైనరులను పైనుండి దింపిరి. చల్లబరచు నీరు వాని వెలుపలి గోడలను నేరుగ తాకుచుండును. మెకానిక్కులు వీనిని వెట్ లైనరులందురు. అడుగున రెండేసి లైనరులకు ఒకటి చొప్పున 8 అంకె ఆకారముగల ప్యాకింగు ఉండును. హెడ్డు బిగించినప్పుడు అది లైనరును అణచిపట్టుటకై, లైనరు పై అంచు బ్లాకుమీదికి రవంత పొడుచుకొని యుండవలెను. ఈ ఇంజను కుటుంబమే స్టాండర్డువారి వాన్‌గార్డు కారును నడిపినది. 1953లో వచ్చిన ట్రయంఫ్ టి.ఆర్.2 స్పోర్ట్సు కారును కూడ నడిపినది. సిలిండరు అరిగినప్పుడు బ్లాకును బోరింగు యంత్రమునకు మోసికొనిపోవలసిన అవసరము లేకుండ, రైతు పెరటిలోనే పాత లైనరులను ఊడదీసి క్రొత్తవి దింపుకొనవచ్చుననుట ఈ పద్ధతివలని మహోపకారము. ఏ లండను వీధిలోనో తిరుగు కారుకు ఇది సౌకర్యము మాత్రమే. పట్టణమునకు పదిక్రోసుల దూరముననున్న పొలములోని ట్రాక్టరుకు ఇది పునర్జన్మ.

ఇట్టి ఇంజను తుప్పుపట్టి బిగిసినప్పుడు అనుభవజ్ఞుడు మొట్టమొదట హ్యాండిలు జోలికి పోడు. స్పార్కు ప్లగ్గులు విప్పి, దీపము వేసి ఒక్కొక్క సిలిండరులోనికి తొంగిచూచి, ఏది ఎఱ్ఱబారినదో గుర్తించును. పిమ్మట రాకరు మూత తీసి వాల్వులు ఆడుచున్నవో లేవో పరీక్షించును. ఏలయన, పిస్టను వదలినను వాల్వు పట్టుకొనియే యున్నచో, మొదటి త్రిప్పులోనే పుష్‌రాడ్డు వంగిపోవును. అటుపిమ్మట ప్రతి సిలిండరులోను నూనె పోసి కాచుకొనియుండును. ఏ నూనె యను విషయమున మెకానిక్కులలో ఎన్ని నోళ్ళో అన్ని మతములు: కొందరు డీజిలందురు, కొందరు కిరసనాయిలందురు, కొందరు బ్రేకు ఆయిలందురు, గేరుపెట్టెలో పోయు పలుచని ఆయిలులో అసిటోను కలిపిన మిశ్రమమునకు సాటిలేదని మరికొందరు వాదింతురు. క్షిపణులకు తుప్పు పట్టకుండ 1953లో అమెరికాలోని శాన్ డియేగోనందు కల్పించిన డబ్ల్యు.డి.-40ను దివ్యౌషధముగ నెంచువారును కలరు. అది నీటిని తొలగించుటకు పుట్టినదే కాని, బిగిసిన రింగును వదలించుటకు పుట్టినది కాదు. నా మట్టుకు ఈ ద్రవముల తారతమ్యముకంటె, వానికిచ్చిన కాలమే ముఖ్యమని తోచును. వారములు గడచినకొలది నూనె మట్టము తగ్గుచున్నదా, అనగా రింగుల ప్రక్కనుండి క్రిందికి దిగుచున్నదా యని చూచుకొనుటయే అప్పటి పని. దిగినచో దారి ఏర్పడినట్లే.

అప్పుడు బలప్రయోగము, అదియు మృదువుగ. గేరు వేసి, వెనుక చక్రమును పట్టుకొని ముందుకును వెనుకకును ఊపుట ఒక ఉపాయము; స్టార్టరును ఊడదీసి, ఆ రంధ్రమునుండి ఫ్లైవీలు పండ్లకు సన్నని గడ్డపార ఆనించి మీటుట ఇంకొకటి. ముందుకు కదలనిది ఒక్కొక్కప్పుడు వెనుకకు కదలును. వెనుకకు రవంత వచ్చినచో ముందుకు అంతకు మించి పోవును. ఆ రెండు దిక్కుల నడుమ విసుగులేక త్రిప్పుచుండుటలోనే నేర్పున్నది.

దానికిని లొంగనిచో హెడ్డు విప్పి, పిస్టను తలపై గట్టి కఱ్ఱదిమ్మె నుంచి సుత్తితో కొట్టుదురు. ఇక్కడ తెలిసినవారికిని తెలియనివారికిని భేదము బయటపడును. నాలుగు సిలిండరుల క్రాంకులో ఒకటవ, నాలుగవ పిస్టనులు జంటగను, రెండవ, మూడవ పిస్టనులు జంటగను నడచును. ఒక జంట కొట్టకొన పైననున్నప్పుడు రెండవ జంట కొట్టకొన అడుగున నుండును. ఇంజను సరిగ ఆ స్థితిలో ఆగియున్నచో, ఏ పిస్టనును ఎంత కొట్టినను ఆ దెబ్బ క్రాంకును త్రిప్పదు, బేరింగును చితుకగొట్టును. నడిమధ్యనున్న పిస్టనుపై పడిన చిన్న దెబ్బకు గల ఫలము కొననున్న పిస్టనుపై పడిన పెద్ద దెబ్బకు లేదు. ఇంకొక ఉపాయము గ్రీజు గన్ను: వాల్వులు రెండును మూసియున్న సిలిండరులో ప్లగ్గు రంధ్రముగుండ గ్రీజు నింపి గన్నుతో ఒత్తినచో, సుత్తి చేయజాలని పని ఆ మౌనపీడనము చేయును. ఆ గ్రీజునంతయు తరువాత తుడుచుకొనవలసివచ్చుట వేరు సంగతి.

వెట్ లైనరుల ఉపకారములోనే ఒక ఉచ్చు కూడ దాగియున్నది. హెడ్డు తీసిన పిమ్మట లైనరును పైనుండి అణచిపట్టునది లేదు. అప్పుడు క్రాంకును బలవంతముగ త్రిప్పినచో, పిస్టను లైనరును వదలక, దానినే తనతోకూడ పైకెత్తుకొనివచ్చును. అడుగునున్న 8 అంకె ప్యాకింగు చెదరును. ఇంజను విడిపడినదని సంతసించి హెడ్డు బిగించి నీరు పోసిన రైతుకు, ఆ నీరు ఆయిలులో తేలి కనబడును. అందుచేత తెలిసినవారు హెడ్డు బోల్టులకు పెద్ద వాషరులు తొడిగి లైనరులను ముందుగ బిగించి మరి త్రిప్పుదురు. లేదా, త్రిప్పుటయే మానివేసి, సంపు దింపి, కనెక్టింగ్ రాడ్డుల టోపీలు విప్పి, పిస్టనుతోసహా లైనరునే ఊడదీయుదురు. ఏండ్లుగ నీటిలో నానిన లైనరు వెలుపల తుప్పుమట్టి గడ్డకట్టి, పిస్టను లైనరును పట్టుకొన్నది చాలక లైనరే బ్లాకును పట్టుకొనియుండుట కూడ కలదు. అప్పటికి మరల నూనె, మరల నిరీక్షణ.

ఇన్ని మార్గములుండగా, ఇంకొక ట్రాక్టరుకు గొలుసుతో కట్టి, గేరు వేసి, బరబర ఈడ్చుకొనిపోవు మూర్ఖపద్ధతియే ఏ దేశమందును ఎక్కువ ప్రచారములో నుండుట విచారకరము. ఈడ్చునప్పుడు చక్రములనుండి క్రాంకునకు చేరు బలము మనిషి చేతిబలమునకు ఎన్నో రెట్లు. రింగు విరుగునో, రాడ్డు వంగునో, వదలునో ముందుగ తెలియదు. కొన్ని ఇంజనులు ఈ విధముననే విడిపడినవి. వానిని గూర్చియే జనులు చెప్పుకొందురు, విరిగినవానిని గూర్చి ఎవరును చెప్పుకొనరు.

ఈ కథకు మన దక్షిణదేశముతో సంబంధము లేకపోలేదు. 1948లో మద్రాసున స్థాపితమైన స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా కంపెనీ వాన్‌గార్డు కారులను మన రోడ్లకెక్కించినది గనుక, ఫెర్గూసను ట్రాక్టరును చూడని మెకానిక్కులు కూడ దాని ఇంజనుకు అన్నదమ్ములనదగినదానిని విప్పి బిగించిరి. 1953లో ఫెర్గూసను సంస్థ కెనడాకు చెందిన మాసీ హారిసులో కలిసిపోయినది. ఆ రెండు పేరులు కూడి మాసీ ఫెర్గూసను అయిన పిమ్మట, 1960లో మద్రాసుననే టాఫే సంస్థ ఏర్పడి ఆ ట్రాక్టరులను చేయనారంభించినది. వానికి అమరిన ఇంజను సింప్సనువారిది, పెర్కిన్సు సంప్రదాయములోనిది; అందలివి డ్రై లైనరులు. నీరు తాకని పలుచని గొట్టమువంటి ఆ లైనరు బ్లాకు రంధ్రములో బిగువుగ దిగియుండును. కృష్ణా, గోదావరి మండలములలోను, తెలంగాణ చెఱువుల క్రింది మాగాణులలోను ఆ ఎఱ్ఱ ట్రాక్టరు తిరుగనిచోటు అరుదు.

మనవద్ద ట్రాక్టరు ముళ్ళపొదలలో ముప్పదియేండ్లు పడియుండదు. అంతకు ముందే పాత ఇనుము కొనువాడు తూకమువేసి పట్టుకొనిపోవును. కనుక మన ఇంజనులు తుప్పుకంటె వేడిమివలననే ఎక్కువ పట్టుకొనును. నూర్పిళ్ళలో ఎగసిన పొట్టు రేడియేటరు కన్నులను పూడ్చివేయగా, దమ్ములో దినమంతయు పూర్తిబలముతో నడచి ఆయిలు హరించిపోగా, నడిపొలములో ట్రాక్టరు నిలిచిపోవును. నూనె పోసి వారములు వేచియుండుటకు ఇక్కడ తావు లేదు. మెకానిక్కు వచ్చి, హెడ్డు విప్పి చూచి, లైనరులు, పిస్టనులు మార్చు హాఫ్ ఇంజను పని చేయక తప్పదని తేల్చును. బ్లాకు ఏ విజయవాడ ఆటోనగరుకో, దగ్గరి పట్టణములోని లేతు షాపుకో వెళ్ళి, పాత లైనరులను ప్రెస్సుతో ఊడదీయించుకొని, క్రొత్తవానిని దిగగొట్టించుకొని, బోరు సరిచేయించుకొని వచ్చువరకు ట్రాక్టరు మొండెము షెడ్డులో దిమ్మెలపై నుండును; అదను దాటిపోవుచున్న రైతు ఆ లోపల గంటల లెక్కన ప్రక్కయూరి కిరాయి ట్రాక్టరును పిలిపించుకొనును.