చేతిలో పెట్టి నమ్మించిన పేరు: అమృతాంజనం కథ

డ్యూటీ దిగి రూముకు చేరాక తల పగిలిపోతుంటే మనలో చాలామంది వెతికేది పసుపు పచ్చ బామ్ సీసా కోసమే. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే పచ్చళ్లతో పాటు అది కూడా పట్టుకు రమ్మంటాం. అయితే ఆ అమృతాంజనం పుట్టింది మన ఊళ్లలో కాదు. మనలాగే బతుకుదెరువు కోసం ఊరు విడిచిన ఒక తెలుగువాడు బొంబాయిలో దాన్ని మొదలుపెట్టాడు. ఎవరూ వినని ఒక కొత్త పేరును జనం ఎలా నమ్మారన్నది మనం తెలుసుకోవాల్సిన సంగతి.

బొంబాయికి వెళ్లిన తెలుగువాళ్లు

దుబాయి, మస్కట్ దారులు తెరుచుకోక ముందు మనవాళ్లకు బొంబాయే దుబాయి. తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన కూలీలు అక్కడ భవనాలు కట్టారు, మిల్లుల్లో పనిచేశారు. వాళ్లను అక్కడ కామాఠీలు అనేవారు. కామాఠిపుర అనే పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో, మద్రాసులో చదువుకున్నారు. కలకత్తాలో కొంతకాలం ఉద్యోగం చేసి బొంబాయి చేరారు. అక్కడ ఒక కంపెనీలో కొలువు చేస్తూనే సొంత వ్యాపారం గురించి ఆలోచించారు. 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

ఊరికే ఇచ్చిన మందు

ఆ రోజుల్లో రేడియో లేదు, టీవీ లేదు. అన్ని రోగాలకూ ఒకే మందు అని అరిచి అమ్మేవాళ్లు మాత్రం ప్రతి సంతలోనూ ఉండేవారు. వాళ్ల చేతిలో మోసపోయిన జనం కొత్త మందును ఎందుకు నమ్ముతారు?

పంతులుగారు మాటలతో నమ్మించాలని చూడలేదు. సంగీత కచేరీలు జరిగే చోట బామును ఉచితంగా పంచారు. జనం నుదుటికి రాసుకున్నారు. కర్పూరం, మెంథాల్ లాంటివి కలిసిన బామ్ కాబట్టి ఘాటు వెంటనే తగిలేది, కాసేపట్లో హాయిగా ఉండేది. నిజమో అబద్ధమో ఎవరికి వారే అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. హాయి అనిపించినవాడు మర్నాడు డబ్బిచ్చి కొనుక్కుంటాడు, పక్కవాడికీ చెబుతాడు.

అయితే ఉచితంగా ఇస్తే ఒక్కసారే నమ్ముతారు. రెండోసారి కొన్న సీసాలో కూడా అదే వాసన, అదే ఘాటు ఉండాలి. పదోసారీ ఉండాలి. చదువు రానివాడు సైతం రంగు చూసి, వాసన చూసి గుర్తుపట్టేలా ఉంటేనే పేరు నిలుస్తుంది.

డబ్బు ఎటు పోయింది?

బామ్ మీద పంతులుగారు బాగా సంపాదించారు. ఆ డబ్బు ఎటు పోతోందో కూడా జనం చూశారు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. పరాయి ఊళ్లో తెలుగు వారపత్రిక నడపడం ఎంత కష్టమో మాకు తెలుసు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకు కూడా వెళ్లారు. జనం ఆయన్ను దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. సీసాలో మందు మంచిదైతే సరుకు మీద నమ్మకం కుదురుతుంది. అమ్మేవాడు మంచివాడైతే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1938లో పంతులుగారు కన్నుమూశారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. బామ్ మాత్రం నూట ముప్పై ఏళ్లు దాటినా అమ్ముడవుతూనే ఉంది.

మనం నేర్చుకోవాల్సింది

మొదటి సంగతి. ఒక పేరును నమ్ముతున్నామంటే అది చెయ్యలేని పనిని కూడా దాని మీద పెట్టకూడదు. ఎండలో పనిచేస్తూ తలనొప్పితో పాటు వాంతులు, కళ్లు తిరగడం ఉంటే అది ఎండదెబ్బ కావచ్చు. బామ్ రాసుకుని పడుకోవద్దు. వెంటనే ఫోర్‌మన్‌కు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది ఇంకా ముఖ్యం. బామును కొనే ముందు రాసి చూడొచ్చు. వీసాను అలా చూడలేం. ఏజెంటు చెప్పిన జీతం నిజమో కాదో ఇక్కడ దిగాక గానీ తెలియదు. అప్పటికే అప్పు నెత్తిన పడి ఉంటుంది. ముందుగా పరీక్షించలేని చోట మంచి మాట, పెద్ద బోర్డు, ఏసీ ఆఫీసు చూసి నమ్మకూడదు. అక్కడ కాగితమే సాక్ష్యం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి. కట్టిన డబ్బుకు రసీదు అడగండి. జీతం రాసిన ఒప్పందం చేతికి తీసుకోండి.

ఊళ్లో తమ్ముడో, బావమరిదో బయలుదేరుతుంటే ఫోన్ చేసి ఈ మూడూ చెప్పండి. పంతులుగారు మందును ముందు చేతిలో పెట్టి, ఆ తర్వాతే డబ్బు అడిగారు. ముందు డబ్బు అడిగి, ఏ కాగితమూ చేతిలో పెట్టనివాడు ఎంత తీయగా మాట్లాడినా మనకు వద్దు.