మన ఊరు ఏది?

గత సంక్రాంతి సెలవులకు మా మనుమరాలు మా యింటికి వచ్చినపుడు నన్నొక ప్రశ్న అడిగెను. సొంత ఊరిని గూర్చి పది వాక్యములు వ్రాసికొని రమ్మని బడిలో చెప్పిరట. “తాతా, మన ఊరు ఏది?” అని ఆమె ప్రశ్న. నేను పుట్టినది కోవిల్‌పట్టి ప్రాంతమందలి ఒక రేగడి పల్లెలో. మా తాతముత్తాతలు కలిసిపోయినది ఆ మట్టిలోనే. అయినను మా యింట మాటలాడునది తెలుగు. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా ఇతరుల దరఖాస్తులలో ‘స్వస్థలము’ అను గడిని సరిచూచినవాడను. ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

నేను పండితుడను గాను. బడి చదువుతో ఆగినవాడను. ఆ ప్రశ్న పుణ్యమా యని మానవ భూగోళశాస్త్రమును గూర్చిన కొన్ని తొలి పాఠములు చదివితిని. అందలి నాలుగు భావములు మనవంటి కుటుంబములవారికి ఉపయోగించునని తోచి ఇచ్చట విన్నవించుచున్నాను.

మొదటిది నేలకును మనుష్యునకును గల సంబంధము. జర్మను పండితుడు ఫ్రెడ్రిక్ రాట్జెల్ 1882లో ప్రకటించిన గ్రంథమున, మానవ జీవితముపై ప్రకృతికి గల ప్రభావమును శాస్త్రరీతిగా విచారించెను. పిదప ఫ్రెంచి విద్వాంసుడు విడాల్ ద లా బ్లాష్ (1845–1918) ప్రకృతి అవకాశములను చూపును గాని, వానిలో ఒకదానిని ఎన్నుకొనువాడు మనుష్యుడే యని బోధించెను. దీనికి మా సీమయే దృష్టాంతము. మా నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వాఱును, తేమను చాలకాలము నిలుపుకొనును. కాలువ లేకున్నను ప్రత్తి, జొన్న, సజ్జ పండును. దక్షిణమున తామ్రపర్ణి తీరమందలి వరి భూములు అంతకు మునుపే ఇతరుల స్వాధీనమందుండెను. రేగడి సేద్యము నెఱిగిన మనవారు ఈ మెట్టనేలను ఎన్నుకొనిరి. ‘రేగడి’ అను మన మాటయే ‘రేగర్’ అను రూపమున భూగోళ గ్రంథములకెక్కినది.

ఈ సీమయందలి ఇడైచెవల్ గ్రామమున 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు, రచనాభాష తమిళము. తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలస వచ్చి ఊరు కట్టుకొనిన కథను వారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వెలువరించిరి. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను.

రెండవ భావము వలస. 1885లో రావెన్‌స్టైన్ అను పండితుడు జనాభా లెక్కలను పరిశీలించి, వలసపోవువారిలో అధికులు దూరము పోరనియు, వలస తఱచుగా మజిలీలుగా సాగుననియు తెలిపెను. వలసకు ఉన్నచోటినుండి త్రోయు కారణములును ఉండును, క్రొత్తచోటికి లాగు కారణములును ఉండును. 1565 నాటి యుద్ధముతో విజయనగరము పాడగుట మొదటిదానికి ఉదాహరణము. అంతకు మునుపే మధురలోను తంజావూరిలోను నాయకరాజ్యములు వెలసి, సైనికులకును సేద్యగాండ్రకును కవులకును ఆశ్రయమిచ్చుట రెండవదానికి ఉదాహరణము. తరువాతి కాలమున తెలంగాణమునుండి పద్మశాలీలు మగ్గముల పనికై షోలాపురము చేరిరి. నిజాము రాజ్యమునుండి బొంబాయికి వెళ్లిన కామాఠీ కూలీల పేరు కామాఠీపురమునకు నిలిచినది.

మూడవది ఎల్ల. మనలో అందఱును నడచి వచ్చినవారు కారు. కొందఱు కదలకుండగనే ఎల్ల వారిని దాటిపోయెను. 1936లో ఒడిస్సా రాష్ట్రమేర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి తెలుగువారు ఇంటనుండియే రాష్ట్రము మాఱిరి. 1953లో బళ్లారివారు మైసూరులోను, 1960లో తిరుత్తణివారు మద్రాసు రాష్ట్రములోను చేరిరి. గౌతమీ తీరమందలి యానాము 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగముగా ఉన్నది. ఆ ఊరి చుట్టును ఆంధ్రదేశమే, ఊరిలోను తెలుగే. పాలనకు గీసిన గీతయు, భాష వ్యాపించిన సీమయు ఒకటి కావని తెలియుటకు ఇంతకంటె వేఱు పాఠమేల?

నాలుగవది సాంస్కృతిక భూదృశ్యము. అమెరికా పండితుడు కార్ల్ సావర్ 1925లో దీనిని వివరించెను. ప్రకృతి ఇచ్చిన చోట ఒక జనసమూహము తరతరములుగా పాటుపడగా ఏర్పడిన రూపమే ఇది. చెఱువు గట్టు, గుడి, వీధి తీరు, ఊరి పేరు ఇవన్నియు అందు చేరును. మా వైపు ‘నాయక్కన్‌పట్టి’ అని ముగియు ఊళ్లు అనేకములు. తంజావూరు సీమయందలి మెలట్టూరులో ఏటేట నృసింహ జయంతికి తెలుగు భాగవతమేళా నాటకము లాడుదురు.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. మా తాతగారి లెక్కల పుస్తకము మా పెట్టెలో నున్నది. అందు మా పొలములకు చింతమాను చేను, గుండ్ల చేను, పాతబావి చేను అని పేర్లు. నేటి పట్టాలో అవి సర్వే నెంబరులు మాత్రమే. తాతగారు నాకు అక్షరములు నేర్పిరి గనుక ఆ పుస్తకము చదువగలుగుచున్నాను. నా పిల్లలకు నేను నేర్పలేదు. నేడు రేపని ఉద్యోగపు బదిలీలలో కాలము గడిపితిని. వారు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. నా తరువాత ఆ పుస్తకము వట్టి కాగితములే. నేల ఉండును, పంట ఉండును, ఆ చేల పేర్లు మాత్రము ఉండవు.

సెలవులు ముగియు లోపల మనుమరాలిని పొలమునకు తీసికొనిపోయి ఒక్కొక్క గట్టు చూపితిని. ఆమె తన పుస్తకములో సొంత ఊరుగా మా పల్లె పేరే వ్రాసికొనెను. దాని క్రింద ఆ మూడు చేల పేర్లను నేను చేయి పట్టి వ్రాయింపగా తెలుగులో వ్రాసెను. అక్షరములు వంకరగా నున్నవి గాని, తప్పులు లేవు.

సోదర సోదరీమణులారా! ఈ సంచికను చదువు ప్రతి కుటుంబమునను ఒక పెద్ద ఉండును. మీ చేల పేర్లు, బావుల పేర్లు, అవ్వలు వాడిన మాటలు, మీ పెద్దలు చెప్పిన త్రోవలోని మజిలీలు ఒక్క కాగితముపై తెలుగులో వ్రాసియుంచుడు. వ్రాయునపుడు ఒక పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మన ఊరు ఏదని ఆ పిల్ల అడిగిననాడు చూపుటకు ఆ కాగితము ఉండవలెను.