ప్రజలు లేని సైన్యానికి సేనాని

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీ దాకా నడవటం నాకు అలవాటు. ఆమధ్య చరిత్ర చదువుకునే కుర్రవాళ్లు నలుగురు నా వెంట వచ్చారు. ఆబిడ్స్ చౌరస్తా దాటుతుండగా ఒకడు అడిగాడు: "మాస్టారూ, ఐదు రోజుల్లో లొంగిపోయినవాడు సేనాని ఎట్లా అవుతాడండీ?"

వాడు అడిగింది 1948లో నిజాం సైన్యాధిపతిగా ఉన్న మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్‌ను గురించి. దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. ఓటమి పాపమంతా ఆయనదే అన్నది ఒకటి. ప్రధాని లాయక్ అలీ తరువాత రాసిన పుస్తకం ధోరణి ఇదే. ఆయన వివేకవంతుడన్నది రెండవది. రెండూ వ్యక్తి గుణదోషాల దగ్గరే ఆగిపోతాయి. చరిత్ర విద్యార్థి అక్కడ ఆగరాదు.

గన్‌ఫౌండ్రీనే చూడండి. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన తోప్ కా సాంచా అది. 1798లో రేమండ్ చనిపోయాడు. ఆ ఏడే నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకున్నాడు. ఫ్రెంచి దళాలు రద్దయినాయి. అటుతరువాత సుమారు 150 ఏళ్లు సంస్థాన రక్షణ బ్రిటిషువారి చేతిలోనే ఉంది. నిజాం సైన్యం కవాతులకూ, సామ్రాజ్యవాద యుద్ధాలకూ పనికివచ్చింది. ఎల్ ఎద్రూస్ మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసింది కూడా అట్లాగే. ఒకనాడు తోపులు పోసిన ఊరికి 1948లో సిడ్నీ కాటన్ అనే విదేశీ వైమానికుడు దొంగచాటుగా ఆయుధాలు చేరవేయవలసివచ్చింది!

ఇక వ్యూహం. నాలుగు దిక్కులా భారత భూభాగం. రేవు లేదు, యుద్ధవిమానాలు లేవు. సరిహద్దు దారుల్లో అడ్డుకొని కాలయాపన చేయడం ఒక్కటే మిగిలింది. ఆ వ్యూహం గమ్యం యుద్ధరంగంలో లేదు, ఐక్యరాజ్యసమితిలో ఉంది. సెప్టెంబరు 13న షోలాపూరు వైపునుంచి జె. ఎన్. చౌధురి, బెజవాడ వైపునుంచి రుద్ర బలగాలు కదిలాయి. నల్దుర్గం తొలిరోజే పోయింది. 16న భద్రతాసమితి హైదరాబాదు ఫిర్యాదును చేపట్టింది. 17న నిజాం కాల్పులు ఆపించాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

సరిహద్దు కూలిన సైన్యం లోపలికి తగ్గి పోరాడవచ్చు గదా? తగ్గడానికి లోపల చోటేదీ? కీలకం ఇక్కడే ఉంది. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిననాటినుంచి తెలంగాణలో జరుగుతున్నది అంతర్యుద్ధమే. ఒకవైపు దొరలు, పోలీసులు, సైన్యం, రజాకార్లు. మరొకవైపు వెట్టికి ఎదురుతిరిగిన రైతుకూలీలు. పోరాట నాయకుల లెక్కలో సుమారు 3 వేల గ్రామాలు సంఘాల పాలనలోకి వచ్చాయి. బిరుదులు లేని దళనాయకులకు ప్రతి గుడిసె ఒక కోట. బిరుదులున్న సేనాధిపతికి తన రాజ్యంలోని పల్లె కూడా పరాయిదే. ఈ లోటును ఏ యుద్ధశాస్త్రమూ పూడ్చలేదు.

నగరాన్ని రణరంగం కానీయకపోవడం ఎల్ ఎద్రూస్ చేసిన మంచిపని అనక తప్పదు. ఆ మంచి ఆబిడ్స్‌కు, నాంపల్లికి దక్కింది, ఊళ్లకు దక్కలేదు. లొంగుబాటు తరువాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ముస్లిం ప్రజల ఊచకోత జరిగింది. మృతులు 27 వేలనుంచి 40 వేలదాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా వెలుగు చూడలేదు. సైనిక గవర్నరైన చౌధురి హయాంలోనే తుపాకులు తెలంగాణ రైతువైపు తిరిగాయి. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. రాజు రాజప్రముఖుడైనాడు. సేనాపతులు కరచాలనం చేసుకున్న తరువాత కూడా చచ్చింది పేదవాడే.

ఆ కుర్రవాడికి నేనిచ్చిన జవాబు ఇదే: "ఎల్ ఎద్రూస్ సేనాని కాకపోలేదు నాయనా. యుద్ధం ఓడిపోయిందని గ్రహించాడు. ప్రజలపైకి ఎక్కుపెట్టిన సైన్యం శత్రువు రాకముందే ఓడిపోతుందన్నది ఆయన గ్రహించాడో లేదో గాని, మనం గ్రహించాలి."