సెలవుల్లో వచ్చిన విద్యార్థి

విజయనగరం. ఎండ మాడు పగలగొడుతోంది. వీధిలో కుక్క కూడా తిరగట్లేదు. మహారాజావారి సంగీత కళాశాల ముందు ఓ కుర్రాడు ఆగాడు. చంకలో గుడ్డల మూట. నిన్నమొన్నటిదాకా ఉంగరం ఉన్న వేలు బోసిగా ఉంది. దాన్ని అయినకాడికి అమ్మేసి, ఆ డబ్బే దారిఖర్చు చేసుకుని, ఎక్కడి గుడివాడ పక్క పల్లెటూరు, ఎక్కడి విజయనగరం అనుకోకుండా, ఇక్కడ చేరితే పాట వస్తుందన్న ఒక్క నమ్మకంతో ఇంతదూరం వచ్చిపడ్డాడు. చెవి ఒగ్గి విన్నాడు. లోపల వీణ లేదు. మృదంగం లేదు. కాలేజీకి వేసవి సెలవులు.

వెనక్కి తిరిగితే చౌటపల్లి. అక్కడ నాన్న సూరయ్య లేడు. తరంగాలు పాడుతూ, కొడుకుని భుజాన ఎక్కించుకుని భజనలకు తిప్పిన మనిషి, వాణ్ణి సంగీత విద్వాంసుణ్ణి కమ్మని చెప్పి కన్నుమూశాడు. ఆ మాట పట్టుకుని కుర్రాడు ఓ విద్వాంసుడి ఇంట్లో ఏడాదిపాటు బట్టలుతికాడు. ఇంకో ఇంట్లో ఏడాదిపాటు వంట చేశాడు. స్వరం కంటే ముందు ఉతుకూ వంటా బాగా వచ్చేశాయి. ఇంటిపేరు ఘంటసాల. పేరు వెంకటేశ్వరరావు. వెనక్కి తిరగలేదు. ప్రిన్సిపాల్‌గారిని వెతుక్కుంటూ నడిచాడు.

ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు. ఫిడేలంటే ఆయన, ఆయనంటే ఫిడేలు. 1919లో విజయరామ గజపతి ఈ కాలేజీ పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుని మొదటి అధ్యక్షుడిగా కూర్చోబెట్టినప్పుడు, విద్యార్థిగా చేరదామని వచ్చినవాడు నాయుడుగారు. వాయిద్యం విన్నారు. నీకు చదువెందుకని పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇచ్చేశారు. ఆ గుమ్మంలో నిలబడ్డం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. సెలవులు అయ్యేదాకా కాలేజీలోనే ఉండమన్నారు. నీడ దొరికింది. మరి అన్నం?

వారాలు కుదిరాయి. ఒక్కోరోజు ఒక్కో ఇంట భోజనం. రోజులు గడుస్తున్నాయి. అంతలో తోటి కుర్రాళ్లెవరో తప్పు చేశారు. నింద వచ్చి వీడి నెత్తిన పడింది. కాలేజీలోంచి పొమ్మన్నారు. ఆ కబురు వీధుల్లోకి వీడికంటే ముందే నడిచింది. వారం పెట్టే ఇళ్లవాళ్లు ఇక రావద్దన్నారు. పాతకాలపు వారాల భోజనాన్ని ఇప్పుడు మనం మహా మురిపెంగా తలుచుకుంటాం గానీ, ఒక్క చాడీకి అన్ని గుమ్మాలూ ఒకేసారి మూసుకుపోయే ఏర్పాటది. మూట చంకనెట్టుకుని అమ్మవారి గుడికి పోయాడు. చీకటి పడుతోంది. ఊళ్లో తనవాళ్లన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ గుడికే దర్శనానికొచ్చారు పట్రాయని సీతారామశాస్త్రి. ఆ కాలేజీలోనే గాత్రం చెబుతారు. సాలూరు వైపు అందరికీ ఆయన చిన్నగురువుగారు. కుర్రాడి సంగతి విన్నారు. ఇంటికి రమ్మన్నారు. పాఠానికి పైసా అడగలేదు. గొంతు దాచకుండా పాడడం, మాట విరగకుండా పలకడం ఆయన పద్ధతి. పాఠానికి లోటు లేదు. ఆ ఇంట్లో లేనిది బియ్యమే.

ఓరోజు శాస్త్రిగారు పాఠాలు చెప్పడానికి పొరుగూరు వెళ్లారు. పొయ్యి రాజేయడానికి ఇంట్లో ఏమీ లేదు. పొద్దెక్కింది. కడుపు కాలుతోంది. కుర్రాడు భుజాన జోలె కట్టాడు. ఒకప్పుడు తనను విస్తరి ముందు కూర్చోబెట్టిన ఊళ్లోనే, రావద్దన్న గుమ్మాలు ఎదురైతే తలొంచుకుని దాటుకుంటూ, తెరిచున్న గుమ్మం కనబడితే ఆగి, గొంతు పెగుల్చుకుని భవతి భిక్షాందేహి అంటూ, కాళ్లు బొబ్బలెక్కేలా వీధి వీధీ తిరిగాడు. రెండు పూటలకు సరిపడా దొరికింది. సగం తిన్నాడు. సగం గుడ్డలో మూటగట్టి రాత్రికి దాచుకున్నాడు. సాయంత్రం మూట విప్పాడు. అన్నం నల్లగా కదులుతోంది.

చీమలు.

అన్నం పెట్టుకోడానికి గిన్నె లేదు. కొనడానికి కాసు లేదు. మేనమామకి ఉత్తరం రాశాడు. ఆయన పంపిన డబ్బుతో ఓ డబ్బా కొనుక్కున్నాడు. శాస్త్రిగారు తిరిగొచ్చి సంగతి తెలిసి కుమిలిపోయారు. మళ్లీ పాఠం మొదలైంది. సెలవులు అయిపోయాయి. పొమ్మన్న ఆ కాలేజీ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఈసారి పేరు పుస్తకంలోకెక్కింది.

నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించాడు. పట్టా చేతికొచ్చింది. తీరా దానితో ఏం చెయ్యాలి? చౌటపల్లి చేరి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడాడు. పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1942 వచ్చింది. క్విట్ ఇండియా అంటూ జైలుకెళ్లాడు. బయటికొచ్చాక సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య మద్రాసు రమ్మన్నారు. వెళ్లాడు. ఆచార్యులుగారి ఇల్లు ఇరుకు. పగలంతా పాట కోసం తిరిగి, రాత్రి పానగల్ పార్కులో పడుకునేవాడు.

తర్వాత ఘంటసాల పాడినవి ఇంటింటా మోగాయి. మద్రాసులో ఆయనకు సహాయకుడిగా ఏళ్లతరబడి హార్మోనియం పట్టినవాడు సంగీతరావు, పట్రాయనివారబ్బాయి.